ఇరవై నాలుగు మంది, రెండు బంతులు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు 24 మంది సాయంత్రం వాలీబాల్‌కి వస్తున్నారు. ఉన్నవి రెండు బంతులే. వరసలో నిలబెట్టి అండర్ హ్యాండ్ పాస్ నేర్పిస్తుంటే పావుగంటకే విసుగొచ్చి "మ్యాచ్ పెట్టండి సార్" అంటారు. పెడితే ఎక్కువ పాయింట్లు సర్వీసు దగ్గరే అయిపోతున్నాయి. సరదాగా ఆడిస్తూనే నేర్పేదెలా? పిచ్చి ఆటలతో టైమ్ వేస్టని మా స్టాఫ్‌లో కొందరు అంటున్నారు.
– ఓ పీఈటీ, కోనసీమ

జవాబు: మాస్టారూ, పిల్లల విసుగులో న్యాయం ఉంది. రెండు బంతులకి రెండు వరసలంటే, ఒకసారి బంతి తగిలిన అమ్మాయి మళ్లీ తగలాలంటే పదకొండు మంది వెనకాల నిలబడాలి. మ్యాచ్ పెడితే సగంమంది గట్టు మీద కూర్చోవాలి.

ముందు కోర్టుని చీల్చండి. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంది కదా, పొడవునా మధ్యలో ముగ్గుతో ఒక గీత గీస్తే నాలుగున్నర మీటర్ల వెడల్పుతో రెండు కోర్టులొస్తాయి. ఒక్కోదానికి ఒక బంతి. ఆడవాళ్ల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు, మీ పిల్లలకి రెండు మీటర్లకి దించండి. బంతిలో గాలి కాస్త తగ్గించండి. మోచేతుల కింద ఎర్రగా కందిపోతుంటే ఏ పిల్లా బంతికి ఎదురెళ్లదు.

ఇప్పుడు 'కోట' ఆడించండి. ఒక్కో చిన్న కోర్టుకి ముగ్గురేసి నాలుగు జట్లు. నెట్టుకి ఒక వైపు కోట, అందులో ఒక జట్టు. ఎదుటి జట్టు నెట్టుకి మూడు మీటర్ల దూరంలో ఉండే గీత దగ్గర నుంచి సర్వీసు చేస్తుంది. ర్యాలీ, అంటే సర్వీసు నుంచి బంతి కింద పడేదాకా సాగే ఆట, కోటవాళ్లు గెలిస్తే వాళ్లకి పాయింటు, ఓడినవాళ్లు వరస చివరికి. ఎదుటివాళ్లు గెలిస్తే పాయింటు లేదు, పరుగున వెళ్లి కోట పట్టుకోవాలి. పాయింట్లు కోటలో ఉన్నవాళ్లకే. బయట ఉండేది రెండు జట్లే, ర్యాలీ అవ్వగానే వాళ్ల వంతు వచ్చేస్తుంది.

రెండో రోజు ఒక మార్పు చేయండి. ఒక్క దెబ్బకి బంతిని అవతలికి తోసేసి గెలిస్తే ఒక పాయింటు, మూడు టచ్‌లు వాడి గెలిస్తే మూడు. కోటలోకి రావాలన్నా ఎదుటివాళ్లు కనీసం రెండు టచ్‌లు వాడాలి. ఇక "లిఫ్టింగ్ చేయండమ్మా, పక్కమ్మాయికి అందేలా బంతి పైకి లేపండి" అని మీరు గొంతు చించుకోనక్కర్లేదు. "నాదీ", "ఇటివ్వవే" అని వాళ్లే అరుచుకుంటారు. ఏ ఆట పెట్టినా నేను మొదట చూసేది ఇదే: రేపు మ్యాచ్‌లో పిల్లలు ఏం చేయాలని మనం కోరుకుంటామో ఇవాళ పాయింటు దానికే దక్కాలి.

మీ అసలు బాధ సర్వీసు. దానికి కబడ్డీ పద్ధతి బాగా పనిచేస్తుంది. పూర్తి కోర్టులో పన్నెండేసి మంది, వంతులవారీగా సర్వీసు చేస్తారు. సర్వీసు తప్పిన పిల్ల అవతలి కోర్టులోకి వెళ్లి తనకి నచ్చినచోట కూర్చుంటుంది. తన జట్టులో ఎవరైనా సరిగ్గా ఆ పిల్ల చేతుల్లో పడేలా సర్వీసు చేయాలి. కూర్చున్నచోటే బంతి పట్టుకుంటే లేచి వెనక్కి రావచ్చు. ఒక జట్టు మొత్తం కూర్చుండిపోతే ఆట అయిపోయినట్టే. స్నేహితురాలిని విడిపించాలన్న పట్టుదలతో పిల్లలు గురి చూసి కొట్టడం నేను కళ్లారా చూశాను. 'ఆ మూలకి వెయ్యి' అంటే రాని గురి అప్పుడొస్తుంది. ఈ ఆటలో అండర్ హ్యాండ్ సర్వీసే ఉండాలి, కూర్చున్నవాళ్ల మీదికి గట్టిగా కొట్టనివ్వకండి.

తప్పు చేసిన పిల్లని ఆట నుంచి పూర్తిగా తీసేసే పద్ధతులు మాత్రం దయచేసి వద్దు. ముందు అవుటయ్యేది సర్వీసు రాని పిల్లే. బంతి ఎక్కువసార్లు దొరకాల్సిందీ ఆ పిల్లకే.

వారానికోసారి నెట్టు మీద పాత దుప్పటి కప్పండి. బంతి పైకి వచ్చేదాకా కనిపించదు కాబట్టి కాళ్లు కదలక తప్పదు. మొదట పట్టుకుని విసరడం, అలవాటయ్యాక పాస్.

చివరి పదిహేను నిమిషాలు మ్యాచ్ ఇవ్వండి, అడుగుతున్నారు కదా. సర్వీసు తప్పితే పాయింటు అవతలివాళ్లకే, కానీ ర్యాలీ ఆగకూడదు. వెంటనే మీరు రెండో బంతిని కోర్టులోకి తేలిగ్గా విసరండి, దానికి ఇంకో పాయింటు. మ్యాచ్ సర్వీసు దగ్గర ఆగిపోదు.

మీ స్టాఫ్‌కి ఒక మాట చెప్పండి. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ ఈ ఆటని తయారుచేసింది, బాస్కెట్‌బాల్ అంత శ్రమ పడలేనివాళ్లు సరదాగా ఆడుకోవడానికే. అప్పట్లో జట్టుకి ఎంతమందైనా ఉండొచ్చు, బంతిని ఎన్నిసార్లైనా కొట్టొచ్చు. ఆరుగురు, మూడు టచ్‌లు తర్వాత వచ్చిన నియమాలు. పిల్లల కోసం మనం నియమాలు మార్చితే ఆటకి వచ్చే లోటేమీ లేదు.

జట్లు మాత్రం మీరే వేయండి. ఇద్దరు కెప్టెన్లని పెట్టి ఏరుకోమంటే, ఆఖరున మిగిలే అమ్మాయి రోజూ ఒకతే అవుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు చెప్పించి, ఒకే అంకె వచ్చిన ముగ్గురిని ఒక జట్టు చేయండి. రోజూ నిలబడే వరస మార్చండి.