పది పుస్తకాల జాబితా పంపావు కదా

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది 46 పుస్తకాలు చదివాననీ, వాటిలో పదింటిని ఏరి వరస కట్టాననీ, ఒకసారి చూసి చెప్పమనీ రాశావు. మొత్తం 46 పేర్లూ తేదీలతో సహా వెనకాల జత చేయడం మంచి పని. దొరికిపోయింది కూడా అక్కడే. నీ పదింటిలో ఆరు అక్టోబరు తర్వాత చదివినవే. జనవరి నుంచి జూన్ దాకా చదివినవాటిలోంచి వచ్చింది ఒక్కటంటే ఒక్కటి. ఆర్నెల్లపాటు అన్నీ చప్పిడి పుస్తకాలే చదివావంటే నేను నమ్మను.

ఈ జబ్బు నీ ఒక్కడికే లేదులే. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తనే లెక్కలు తీసి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో జోరుగా ఉంటుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. అర్థం లేని అక్షరాలు వేరు, కథలు వేరు, ఒప్పుకుంటాను. అయినా పోయిన నెల చదివిన పుస్తకం మీద మోజు ఎంత నిలుస్తుందో నీకింకా తెలీదు. ఫిబ్రవరిలో చదివింది డిసెంబరులోనూ వెంటాడుతోందంటే అది జల్లెడ దాటి వచ్చినట్టే.

నేనైతే ముందు నోట్‌బుక్ తెరవను. తెల్ల కాగితం తీసుకుని, ఏడాదిలో చదివినవాటిలోంచి ఏ ముక్క గుర్తొస్తే అది రాస్తాను. పుస్తకం పేరు తర్వాత సంగతి. 'గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు తొడుక్కోవాలా వద్దా అని తేల్చుకోలేని ముసలాయన' అని రాస్తాను, అంతే. అరగంట పోయాక నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకుంటే రెంటికీ పొంతన ఉండదు. 'అద్భుతం' అని మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టిన పుస్తకంలో ఏముందో ఎంత తన్నుకున్నా గుర్తురాదు. 'పర్లేదు' అని తీసిపారేసినదాంట్లో ముసలాయన మాత్రం ఇంకా ఆ గుమ్మం దగ్గరే ఉంటాడు.

నోట్‌బుక్‌లో అబద్ధం రాసుకోకు. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా తను చదివినవీ చదవాల్సినవీ రాసిపెట్టుకున్నాడు. కొన్నిటిని పైపైన తిరగేశానని కూడా దాచకుండా రాసుకున్నాడు. ఆ నిజాయితీ నాకు ఆలస్యంగా అబ్బింది. ఎలాగంటావా, చాలా ఏళ్ల కిందట ఒక పత్రికవాళ్లు అడిగితే ఆ ఏడాది నాకు నచ్చిన ఐదు పుస్తకాలు రాసిచ్చాను. అన్నిటికన్నా పైన ఎనిమిది వందల పేజీల నవల ఒకటి పెట్టాను. నేను చదివింది మూడు వందల పేజీలు. అందరూ గొప్పదంటున్నారు, నేనూ అన్నాను. నెల తిరక్కుండానే ఒక పాఠకురాలు ఎదురై, "చివర్లో ఆ చెల్లెలు చేసిన పని మీకు సబబే అనిపించిందా?" అని అడిగింది. ఆ నవల్లో చెల్లెలు ఉందన్న సంగతే నాకు తెలీదు! ఏదో గొణిగాను. ఆవిడకి అర్థమైపోయింది, మర్యాదగా మాట మార్చింది. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది.

అదే ఏడాది తొంభై పేజీల చిన్న పుస్తకం ఒకటి చదివాను. ఐదింట్లో దానికి చోటివ్వలేదు. మరీ చిన్నది, పేరున్న రచయిత కాడు, చెప్తే నవ్వుతారేమోనని నామోషీ. కొన్నేళ్ల తర్వాత నా కథల రాతప్రతి చదివిన మిత్రుడు, "నీ కథలన్నీ ఎవరో ఏదో వస్తువు వెతుక్కుంటూ మొదలవుతాయేం?" అన్నాడు. రాత్రంతా ఆలోచిస్తే అప్పుడు తట్టింది, ఆ చిన్న పుస్తకం మొదలయ్యేది అలాగే. జాబితాలో నేను చోటివ్వకపోతే అది వచ్చి నా కథల్లో కాపురం పెట్టింది.

ఇప్పుడు నీ జాబితాకి వస్తాను. మూడోదాని పక్కన 'మానవ సంబంధాలను ఆవిష్కరించిన గొప్ప నవల' అని రాశావు. ఆ వాక్యం ఏ పుస్తకం అట్ట మీదైనా అతుకుతుంది. ఏడోదాని పక్కన ఏం రాశావో చూసుకో: 'ఉత్తరం వచ్చినప్పుడల్లా అందులో ఏముందో రచయిత చెప్పడు, చదువుతున్న మనిషి చేతులు చూపిస్తాడు.' ఇది కళ్లు పెట్టి చదివినవాడి మాట. నువ్వు పోయిన నెల పంపిన కథలో తల్లి మొహం చూపించకుండా ఆమె కొంగు అంచు నలుపుకోవడం చూపించావు చూడు, అది ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావ్? ఏడోదాన్ని పైకి తీసుకురా. మూడోదాని గురించి ఇలాంటి ముక్క ఒక్కటి దొరికితే ఉంచు, లేకపోతే తీసెయ్. పది నిండాలన్న రూలేమీ లేదు. ఆరు మిగిలితే ఆరే.

స్నేహితుడి పుస్తకం మొహమాటానికి పెట్టావని తెలిసిపోతోంది. అతనికి విడిగా నాలుగు పేజీల ఉత్తరం రాయి, ఎక్కువ సంతోషిస్తాడు.

పైన 'ఈ ఏటి ఉత్తమ పుస్తకాలు' అన్న శీర్షిక కూడా మార్చు. 1901లో సాహిత్యానికి తొలి నోబెల్ ఇచ్చేనాటికి టాల్‌స్టాయ్ బతికే ఉన్నాడు. బహుమతి ఫ్రెంచి కవి సల్లీ ప్రుదోమ్‌కి వెళ్లింది. 1910లో పోయేదాకా టాల్‌స్టాయ్‌కి అది రానేలేదు. కమిటీలకే అంత తిప్పలైతే 46 పుస్తకాలు చదివిన నీకెందుకు ఆ టెన్షన్? 'నాకు నచ్చినవి' అను, అడిగేవాడుండడు.

ఇంకొకటి. మార్చి నెలలో ఒక పేరు రాసి కొట్టేశావు. పక్కన చిన్న అక్షరాలతో 'మా ఇంట్లో మాటలు విన్నట్టుంది, ముందుకు వెళ్లలేకపోయాను' అని ఉంది. నీ 46లో దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. పూర్తిచేయని పుస్తకాన్ని నచ్చినవాటిలో వేయొచ్చో లేదో నేనూ చెప్పలేను. కానీ మొత్తం కాగితాల్లో నేను ఎక్కువసేపు ఆగింది ఆ కొట్టివేత దగ్గరే. ఎన్నో పేజీలో ఆపావు? అక్కడ ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారు? జాబితా తర్వాత పంపుదువుగాని, ముందు అది రాయి.

ఆశీస్సులతో,
నీ ఉత్తరాల కోసం ఎదురుచూసే
పెద్దాయన