కట్టకు ఇవతలి వైపు

చిరంజీవికి,

నగరంలో వరద ముంపును ముందే లెక్కగట్టడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో. "నది ఒడ్డున వరద గోడ లేచింది, ఇక నగరం నిశ్చింతగా నిద్రపోవచ్చు" అని రాశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్. ఇంటి గోడ మీద పాత వరద మట్టాన్ని పెన్సిల్‌తో గీసి ఉంచుకున్న ముసలావిడ బాగుంది. ఆవిడ సంగతి తర్వాత.

వాన, నేల ఎత్తుపల్లాలు, కాలువలు కలిపి కంప్యూటర్ మోడల్ ముంపును ఎలా లెక్కగడుతుందో ఓపిగ్గా చెప్పావు. మరి ఆ లెక్కలో నదిని ఆపే ఆ గోడ, ఆ కట్ట ఏది? నీ మ్యాపులో అదొక నల్లగీత. నీళ్ళు గీత దాకా వచ్చి బుద్ధిగా ఆగిపోతాయి. కట్ట ఎత్తు 5 మీటర్లయితే 4.9 మీటర్ల వరదకు ఊరు పొడి, 5.1కి ముంపు. కట్టలకు ఈ లెక్క తెలియదయ్యా! 2005లో కత్రినా తుఫానప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 17వ వీధి కాలువ గోడ, నీళ్ళు పైఅంచుకు చేరకముందే, కింది మెత్తటి మట్టి జారి ఒరిగిపోయింది. అలాంటి గండ్లు చాలాచోట్ల పడి నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. అందుకే తెలిసినవాళ్ళు ఏ మట్టానికి గండి పడే అవకాశం ఎంతో అంచనా వేసుకుని, గండి చోటు మారుస్తూ మోడల్‌ని మళ్ళీ మళ్ళీ నడుపుతారు.

ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. కొత్తగా రాసే రోజుల్లో, వరద పోటు మీదున్నప్పుడు, ఒక ఇంజనీరు వెంట కట్ట మీద నడిచాను. నా కళ్ళు నది మీద, ఆయన కళ్ళు ఇవతల కట్ట అడుగున. అక్కడ గడ్డిలో అరచేయంత మేర నీళ్ళు బుడబుడమంటున్నాయి. చుట్టూ సన్నటి ఇసుక చీమలపుట్టలా పేరుకుంటోంది. ఆయన దోసిట్లోకి తీసుకుని చూశాడు. "తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. ఇలా మట్టి కలిసి వస్తే కట్ట కడుపు కోసుకుపోతున్నట్టే" అన్నాడు. దాన్ని పూడ్చలేదు. చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా పేర్పించాడు. నోరు మూస్తే పక్కన ఇంకోటి తెరుచుకుంటుందట.

ఆ ముచ్చటంతా రాసి పంపితే ఎడిటరుగారు సరిగ్గా ఆ పేరానే ఎత్తేశారు. పైన "జలవిలయం" అని శీర్షిక! (ఆ మాట ఇప్పటికీ కనబడితే ఒళ్ళు మండుతుంది.) అంతటితో ఊరుకున్నారా? "ఏటా 1 శాతం అవకాశం" అని నేను రాస్తే "వందేళ్ళకోసారి వచ్చే వరద" అని దిద్దారు. పోయినేడే వచ్చింది కదా, మాకిక 99 ఏళ్ళు భయం లేనట్టేనా అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఏటా 1 శాతమంటే 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నువ్వూ ఆ "వందేళ్ళకోసారి"నే వాడావు.

కట్టలంటే నాకు పగ లేదు. 1953లో సముద్రం పొంగి 1,836 మంది పోయాకే నెదర్లాండ్స్ అంతంత కట్టలు కట్టుకుంది, మంచి పనే చేసింది. నా గొడవల్లా కట్ట వెనక పెరిగే ధైర్యం గురించి. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పల్లంలో ఇళ్ళు లేస్తాయి, వాటి నేలమాళిగల్లో జనరేటర్లు చేరతాయి. చిన్న వరదలు ఆగిపోతాయి. పెద్దది వచ్చిన రోజున పోయేది మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ. భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి ఉండనీ.

ముందు టేపు పట్టుకుని ఆ ముసలావిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. గీత గడప నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలువు. నీ మోడల్ చెప్పే లోతు నిజమో కాదో తేల్చే సాక్ష్యం అదే. ఆ నీళ్ళు నది వైపు నుంచి వచ్చాయా, వీధి మ్యాన్‌హోల్‌లోంచి తన్నుకొచ్చాయా అని అడుగు. నది పొంగితే గోడ తూములు మూసేస్తారు. అప్పుడు ఊళ్ళో కురిసిన వాన బయటికి పోవాలంటే పంపులే దిక్కు. అవి చాలకపోతే ఆ గోడే ఊరిని తొట్టి చేస్తుంది. ఇంతకీ ఆ గీత గోడ కట్టకముందుదా, కట్టాక గీసిందా? ఆ ఒక్క ముక్కా అడగకుండా వచ్చేశావు.

ఆశీస్సులతో