చెన్నైలో మొదటి వారం: కావలి తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, తమిళం రాదు, లోకల్ రైలంటే భయం, కాలేజీ మానేసి కావలి వచ్చేస్తానని రాశావు. తొందరపడొద్దు. స్టేషన్ బోర్డులన్నీ ఇంగ్లీషులోనూ ఉంటాయి. రద్దీలో బ్యాగు వీపుకి కాదు, పొట్టమీదికి తగిలించుకో. నువ్వు దిగాల్సిన స్టేషన్‌కి ముందు స్టేషన్ రాగానే "దిగాలి, దిగాలి" అంటూ తలుపు వైపు జరుగు. తెలుగులో అన్నా దారిస్తారు. కాలేజీ ఆఫీసులో అడిగి స్టూడెంట్ సీజన్ టికెట్ చేయించుకో, రోజూ క్యూలో నిలబడే టెన్షన్ ఉండదు.

సీనియర్లు వేధిస్తే మాత్రం లోపల దాచుకోకు. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522 ఉంది, ఫోన్ చెయ్యి.

మరీ బెంగగా ఉంటే శనివారం మధ్యాహ్నం సెంట్రల్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కు, సాయంత్రానికి కావలిలో దిగుతావు. తిరిగి చెన్నై వచ్చేటప్పుడు అమ్మ చేత కందిపొడి, గోంగూర పచ్చడి కట్టించుకో. హాస్టల్ సాంబారుకి అలవాటుపడే దాకా అవే ఆదుకుంటాయి.