కోర్సుకి డబ్బు కట్టే ముందు సాయంత్రం కాల్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో మాన్యువల్ టెస్టర్‌ని, అంటే సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపి చూసి తప్పులు పట్టే పని. ఎనిమిదేళ్ల అనుభవం ఉంది, ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 7 నెలలైంది. బాబు ఒకటో తరగతి, పాపకి రెండేళ్లు. వారానికి మూడు రోజులు ఉప్పల్ నుంచి రాయదుర్గం వెళ్లాలి, సాయంత్రం అమెరికా క్లయింట్‌తో కాల్. మావారు సాయం చేస్తారు కానీ పాపకి జ్వరమొస్తే సెలవు నాదే. ‘అందుబాటులో ఉండడం లేదు’ అని ఈసారి రేటింగ్ తగ్గించారు. రాజీనామా చేసి 2.5 లక్షలతో డేటా సైన్స్ కోర్సు చేస్తే ఇంటి నుంచి చేసే ఉద్యోగం వస్తుందా? లేక ఆటోమేషన్ టెస్టింగ్ (ఆ పరీక్షల్ని ప్రోగ్రాములతో నడిపించడం) నేర్చుకోవడం మేలా? బాబుని ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాం, అక్కడ దింపి తీసుకురావడం కూడా నా పనే.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే. లోపలున్న భయం మాత్రం ఇటు ఇంటికీ అటు ఆఫీసుకీ న్యాయం చేయలేకపోతున్నానని. చిన్నపిల్లల తల్లుల నుంచి ఈ ప్రశ్న వారం వారం వస్తూనే ఉంటుంది, కోర్సు పేరొక్కటే మారుతుంది. పాప బడికి వెళ్లే వయసుకల్లా ఈ ఒత్తిడి చాలావరకు సడలుతుంది. ఒక్క ఏడాది రేటింగ్ చూసి ఎనిమిదేళ్ల పనిని తీసిపారేసుకోకండి.

డేటా సైన్స్ మీద నాకు అనుమానాలున్నాయి. ఇంటి నుంచి పని చేయనిచ్చేది ఆ పనిలో చేయి తిరిగినవాళ్లని. కొత్తవాళ్లని ముందు ఆఫీసుకే రమ్మంటారు. మీ ఎనిమిదేళ్లూ అక్కడ లెక్కలోకి రావడం కష్టం, గణాంక శాస్త్రం బాగా వచ్చిన కుర్రాళ్లతో పోటీ పడాలి. ఇలాంటి కోర్సులు వారానికి 10, 12 గంటలు అడుగుతాయి. పిల్లలు పడుకునేసరికి తొమ్మిదిన్నరయ్యే ఇంట్లో ఆ గంటలు ఎక్కడున్నాయి? ‘వడ్డీ లేని ఈఎంఐ’ అంటారు చూడండి, చాలాచోట్ల అది మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. రెండో నెలలో చదువు ఆగినా వాయిదా ఆగదు.

పైగా ఇప్పుడు రాజీనామా ఇస్తే, 90 రోజుల నోటీసు కలుపుకున్నా 4 ఏళ్ల 10 నెలలే. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) పేచీ లేకుండా చేతికి రావాలంటే ఐదేళ్లు నిండనివ్వండి. మూల వేతనం 40,000 అయితే 15/26 లెక్కన (నెలకి 26 పనిదినాలుగా చూసి, ఏడాదికి 15 రోజుల జీతం) ఐదేళ్లకి సుమారు 1,15,000. రెండు నెలల తొందరకి అంత వదులుకుంటారా?

ఆటోమేషన్ మీకు దగ్గరి దారి. వారానికి నాలుగైదు గంటలు చాలు, ఆరు నెలలు పడుతుంది. ఆ స్క్రిప్టులు రాసే సాధనాల్లో ప్లేరైట్ గానీ సెలీనియం గానీ ఒక్కటే పట్టుకోండి, పక్కన డేటాబేస్‌ని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. మెట్రోలో వీడియోలు చూస్తే చేయి తిరగదు. మేనేజర్‌ని అడిగి, మీ ప్రాజెక్టులో ప్రతి రిలీజ్‌కీ చేతితో నడిపే రిగ్రెషన్ కేసుల్లోంచి (పాతవి చెడలేదని చూసే పరీక్షలు) పది తీసుకుని స్క్రిప్టులు రాయండి. మొదట్లో అందరూ చేసే తప్పు, బ్రౌజర్‌లోంచి పొడుగాటి ఎక్స్‌పాత్ (పేజీలో ఆ బటన్ ఎక్కడుందో చెప్పే దారి) కాపీ చేసి అతికించడం. పేజీలో ఒక్క డబ్బా జరిగితే స్క్రిప్టు పడిపోతుంది. ఆ బటన్‌కి ఇచ్చిన ఐడీ గానీ, పరీక్షల కోసమే పెట్టిన టెస్ట్ ఐడీ గానీ పట్టుకోండి. ‘ఐదు సెకన్లు ఆగు’ అని రాయడం ఇంకో తప్పు. నెట్ నెమ్మదిస్తే ఐదు చాలదు, బాగుంటే ఐదూ దండగ. బటన్ కనిపించేదాకా ఆగమని రాయాలి.

ఇక కాస్త కటువుగా. ఒకటో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ ఏమిటమ్మా? ఇంకా ఒత్తులు కుదరని చేతికి ఒలింపియాడ్ పుస్తకమా? ఈ నెలతో మాన్పించండి. మీకు సాయంత్రాలు మిగులుతాయి, వాడికి ఆట మిగులుతుంది. ‘మావారు సాయం చేస్తారు’ అన్న మాట కూడా మానండి. ఆయన పిల్లలకి ఆయన చేసేది సాయమెలా అవుతుంది? డేకేర్‌లో మొదటి ఫోన్ నంబరు ఆయనది రాయించండి. జ్వరం సెలవు ఒకసారి మీరు, ఒకసారి ఆయన. బడి బస్సు ఎక్కించడం ఆయన వంతు.

మేనేజర్‌తో వాదన వద్దు. ఏ తేదీల్లో, ఏ పనికి అందుబాటులో లేరో మెయిల్‌లో అడగండి. సమాధానం వస్తే సరిదిద్దుకోవచ్చు, రాకపోతే అదీ మీ దగ్గర రాతపూర్వకంగా ఉన్నట్టే. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని చట్టం. దాని గురించి హెచ్‌ఆర్‌ని అడగండి. రద్దీ మెట్రోలో పాపని రాయదుర్గం దాకా మోసుకెళ్లమని మాత్రం అనను, ఇంటి దగ్గరి డేకేర్ ఫీజు ఇస్తారేమో కనుక్కోండి.

అసలు చిక్కు ఆ కాల్. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు వెనక్కి జరిగాక అదే కాల్ 7:30కి వస్తుంది, సరిగ్గా పాపకి అన్నం పెట్టే వేళకి. మార్చి దాకా అంతే. ‘నవంబరు నుంచి కాల్ వాళ్ల ఎనిమిదింటికి పెట్టండి, లేదా వారానికి రెండు రోజులు నా నివేదిక ముందే రాసి పంపుతాను’ అని ఇప్పుడే మెయిల్ పెట్టండి. గడియారం మారాక అడిగితే సాకులా వినిపిస్తుంది.