గోడ మీద గుర్తుకు అరవై వేలు: తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. ప్రైవేటు మిల్లులో రిటైరయ్యాను, వచ్చే పెన్షన్ చాలా తక్కువ. ఇల్లు మెయిన్ రోడ్డు మూల మీద ఉంది. ఒక పార్టీ కార్యకర్త వచ్చి డాబా మీద ఫ్లెక్సీలు కట్టుకోవడానికి, పక్క గోడ మీద గుర్తు రాసుకోవడానికి ఐదేళ్లకు కలిపి 60 వేలు నగదు ఇస్తానంటున్నాడు. కాగితం ఏమీ వద్దట. మా అబ్బాయి పోస్టల్ అసిస్టెంట్, మాతోనే ఉంటాడు. ఈ డబ్బు తీసుకోవచ్చా? తీసుకుంటే ఎక్కడ పెట్టాలి?

జవాబు: తీసుకోవద్దండి. అబ్బాయి ఉద్యోగం ఒక్కటి చాలు ఈ మాట చెప్పడానికి. ఆయనకు 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. ఉద్యోగి తన ఒంటి మీద గానీ, బండి మీద గానీ, ఉంటున్న ఇంటి మీద గానీ ఎన్నికల గుర్తు పెడితే ఎన్నికల్లో పలుకుబడి వాడినట్టేనని అందులో 5వ నియమం చెబుతుంది. ఇల్లు నా పేరున ఉంది, కట్టనిచ్చింది నేను అని మీరు వాదించవచ్చు. ఆ వాదన నిలబడనూ వచ్చు. కానీ అవతలి పార్టీవాళ్లు ఫొటో తీసి ఫిర్యాదు పెడితే సంజాయిషీ రాసుకోవాల్సింది అబ్బాయే. నెలకు వెయ్యి రూపాయల కోసం ఆ టెన్షన్ ఎందుకు?

అవును, నెలకు వెయ్యే. అరవై వేలు ఒకేసారి చేతిలో పెడతానంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది, అరవై నెలలకు పంచి చూడండి. దానికి బదులు మీరు ఇస్తున్నది ఏమిటి? అసెంబ్లీ, లోక్‌సభ, జిల్లా పరిషత్, నగర్ పరిషత్, మధ్యలో నాయకుల పుట్టినరోజులు. మన వైపు పుట్టినరోజు ఫ్లెక్సీల సంగతి మీకు నేను చెప్పాలా! ఒకటి దింపకముందే దాని మీదే ఇంకొకటి కడతారు. ప్రతిసారీ పిట్టగోడకు నాలుగు మేకులు, బైండింగ్ వైరు బిగించడానికి స్లాబ్ అంచున రంధ్రాలు. వానాకాలంలో అక్కడి నుంచి చెమ్మ దిగితే మరమ్మతుకు ఎంతవుతుందో మీ మేస్త్రీని అడగండి. ఆయన చెప్పే అంకె విన్నాక ఈ బేరం గురించి మీరే మళ్లీ మాట్లాడరు.

గాలి సంగతి కూడా ఉంది. 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో గాలివానకు హోర్డింగ్ కూలి 17 మంది చనిపోయారు. అది కొండంత హోర్డింగ్, మీ డాబా మీది ఫ్లెక్సీకి దానితో పోలిక లేదు. అయినా మే నెల గాలిదుమారానికి ఫ్రేము ఊడి రోడ్డు మీద ఎవరి నెత్తినో పడితే జనం ముందు తట్టేది మీ తలుపే. అప్పటికి ఆ కార్యకర్త ఏ పార్టీలో ఉంటాడో.

ఇక గోడ రాత. మీరు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. 1995 నాటి మహారాష్ట్ర చట్టం ప్రకారం జనానికి కనబడే చోట ప్రకటన రాయాలన్నా అంటించాలన్నా స్థానిక సంస్థ రాతపూర్వక అనుమతి ఉండాలి. లేకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర చట్టం వద్దన్న చోట యజమాని సమ్మతి ఉన్నా గోడ రాతలు కుదరవని ఎన్నికల సంఘం కూడా చెబుతుంది. తీసేయడానికి వీలుండే జెండాలు, బ్యానర్ల విషయం వేరు. యజమాని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే కట్టుకోవచ్చు, ఎవరూ బలవంతపెట్టకూడదు.

కాగితం ఎందుకు వద్దంటున్నాడో ఇప్పుడు చూద్దాం. ఎన్నికల్లో అభ్యర్థి ప్రచార ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒకరికి 10 వేలకు మించి నగదు ఇవ్వకూడదు. ప్రచార ఫ్లెక్సీ ఖర్చూ ఆయన లెక్కలోకే వస్తుంది. మన మహారాష్ట్రలో అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు. అరవై వేలు కట్టగా చేతిలో పెట్టి కాగితం వద్దన్నాడంటే అది ఆ లెక్కలో కనబడకూడదనే అనుకోవాలి. ఆయన లెక్క దాచడానికి మీరెందుకు సాయపడాలి? పోనీ మీకైనా లాభమా అంటే అదీ లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు మామూలు ఆదాయం మీద పన్ను పడదు. మీ పెన్షన్‌కు ఈ అరవై వేలు కలిపినా మీరు ఆ దరిదాపులకు కూడా రారు. పన్నే లేని సొమ్మును చాటుగా తీసుకోవడం దేనికి?

ఊళ్లో మొహమాటం ఉంటుంది, తెలుసు. ‘మా అబ్బాయి సర్కారు నౌకరీ, రూల్ ఒప్పుకోదు’ అనండి. ఏ పార్టీవాడొచ్చినా అదే మాట చెబితే ఎవరితోనూ గొడవ ఉండదు. చెప్పకుండా వచ్చి కట్టేస్తే ముందు ఫొటో తీసి పెట్టుకోండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల వేళైతే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టండి, మిగతా రోజుల్లో నగర్ పరిషత్‌కు అర్జీ ఇచ్చి దాని మీద రసీదు ముద్ర వేయించుకోండి.

మీకు కావలసింది నెలనెలా కొంత ఆదాయం. మెయిన్ రోడ్డు మూల ఇల్లంటున్నారు కాబట్టి ముందు గదికి షట్టర్ పెట్టి అద్దెకివ్వగలరేమో చూడండి. జిరాక్స్ షాపు పెట్టుకునేవాళ్లయినా నెలకు వెయ్యి కంటే ఎక్కువే ఇస్తారు. అగ్రిమెంటు పదకొండు నెలలకు రాయించుకోండి, అడ్వాన్సు, అద్దె బ్యాంకు ఖాతాలోనే వేయమనండి. షాపు బోర్డు ఎంత సైజు ఉండాలో, ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే రాయించండి.