ఫెయిరింగ్ స్క్రూలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది జపాన్ కంపెనీ బైకు. కొత్త స్టార్ స్క్రూడ్రైవర్ కొని ఫెయిరింగ్ (బైకు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) విప్పబోతే రెండు స్క్రూల తలలు గుండ్రంగా అరిగిపోయాయి. స్క్రూలు నాసిరకమా?
– పటమట, విజయవాడ

జవాబు: స్క్రూలో లోపం లేదు. తేడా డ్రైవర్‌లో ఉంది. జపాన్ బైకుల మీద ప్లస్ గుర్తు స్క్రూలు ఎక్కువగా ఆ దేశపు జేఐఎస్ కొలతలో ఉంటాయి. మన షాపుల్లో దొరికే మామూలు స్టార్ డ్రైవర్ ఫిలిప్స్ కొలతది. చూపుకు రెండూ ఒకటే. కానీ ఫిలిప్స్ మొన జేఐఎస్ గుంటలో అడుగుదాకా దిగదు. పైపైన పట్టుకుని, బలం పెట్టగానే ఎగిరి పైకి వస్తుంది. అలా ఎగిరిన ప్రతిసారీ గుంట అంచును కొంచెం కోసేస్తుంది. తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటే అది జేఐఎస్ స్క్రూ అనుకోండి.

జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనండి. అది ఫిలిప్స్ స్క్రూలకు కూడా చక్కగా సరిపోతుంది కాబట్టి డబ్బు వృథా కాదు. 5 మిల్లీమీటర్ల స్క్రూదాకా 2వ నంబరు, 6 మిల్లీమీటర్లకు 3వ నంబరు. ఇప్పటికే అరిగినవాటికి డ్రైవర్ మొనకు చిటికెడు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు రాయండి. అందులోని గరుకు రేణువులు పట్టు ఇస్తాయి. బలంలో ముప్పాతిక వంతు లోపలికి నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి వాడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగిన బండి. ఇంజన్ పని అప్పుడే చేయించాం, ఫెయిరింగ్ జోలికి పోలేదు. ఇప్పుడు రేడియేటర్ కోసం విప్పుదామంటే నాలుగు అలెన్ బోల్టులు (తలలో ఆరు మూలల గుంట ఉన్నవి) కదలడం లేదు. ఒకదాని తల లోపల అరిగిపోయింది కూడా. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడొచ్చా?
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఇంపాక్ట్ డ్రైవర్ ఇంజన్ కేసింగ్‌లకు మంచిది. ఫెయిరింగ్ మీద వాడితే స్క్రూ కంటే ముందు ప్లాస్టిక్ విడిపోతుంది. అది పక్కన పెట్టండి.

ముందు తల గుంట చూడండి. వరద బురద అందులో గట్టిపడి ఉంటుంది. కీ సగమే దిగి, అంచులు అరగడానికి ముఖ్య కారణం ఇదే. పిన్నీసుతో గీకి, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. తర్వాత సరైన కీ ఎంచుకోండి. గుండ్రటి బొత్తాం తల ఉన్న 5 మిల్లీమీటర్ల స్క్రూకు 3 మిల్లీమీటర్ల కీ, 6 దానికి 4. నిలువు గోడల తల ఉన్న బోల్టు అయితే 5 దానికి 4, 6 దానికి 5. కీ మొన అరిగి ఉంటే గ్రైండర్ మీద చివర 2 మిల్లీమీటర్లు కోయించండి, కొత్త అంచులు వస్తాయి. బంతి మొన ఉన్న కీ పట్టు విడిపించడానికి పనికిరాదు. అది వదులైన బోల్టును వేగంగా తిప్పడానికే.

తుప్పు వదిలించే నూనె తల వైపు పోయకండి. తుప్పు పట్టింది వెనక, మరల దగ్గర. ప్యానెల్ వెనక చెయ్యి దూరే సందు ఉంటే స్ట్రా గొట్టంతో అక్కడికే ఒకటి రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. నూనెలో అసిటోన్ కలిపే చిట్కా చాలామంది చెబుతారు. ఇనుము మీద పనిచేసినా ఫెయిరింగ్ దగ్గర వద్దే వద్దు. ఫెయిరింగ్‌లో వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ అసిటోన్‌కు కరిగిపోతుంది, పెయింటూ పోతుంది.

తెల్లారాక కీని గుంటలో పెట్టి చిన్న సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేసి పూర్తిగా దించండి. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి. తుప్పు పొర పగలడానికి ఆ మాత్రం చాలు. తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి కొంచెం. ఒక్క గుంజుడుకు విప్పేద్దామనుకుంటే తల ఊడి చేతికొస్తుంది. అప్పటికీ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను తల గుంటలో ఒక నిమిషం ఆనించండి. హీట్ గన్ వద్దు. ఏబీఎస్ 100 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలుపెడుతుంది, గన్ వేడి స్క్రూకూ ప్యానెల్‌కూ తేడా చూడదు.

అరిగిన తలకు టార్క్స్ బిట్ (ఆరు కోణాల నక్షత్రం మొన ఉన్నది) వాడండి. 4 మిల్లీమీటర్ల గుంట అయితే టీ25, 5 అయితే టీ30. గుంట కంటే కాస్త పెద్దది కాబట్టి సుత్తితో దించితే కొత్త పళ్లు కోసుకుంటూ దిగుతుంది. ఇదీ జారితే చివరి దారి డ్రిల్. 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, స్క్రూ లావు ఎంతో అంత బిట్‌తో తల మందం మేరకే తోలండి. తల ఊడిపోతుంది, ప్యానెల్ చేతికొస్తుంది. మిగిలిన కాడను వైజ్ గ్రిప్‌తో (పట్టు లాక్ అయ్యే ప్లయర్) పట్టి తిప్పండి. వెనక ఉన్నది యూ ఆకారపు రేకు క్లిప్ అయితే తిప్పే శ్రమ కూడా అనవసరం, దాన్ని లాగేసి కొత్తది వేయండి. ఫ్రేమ్ బ్రాకెట్‌లోనే విరిగితే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా తీసి, మర ట్యాప్ చేసిస్తారు. 5 మిల్లీమీటర్ల మరకు 4.2 రంధ్రం, 6 దానికి 5.

ప్రశ్న: విండ్‌షీల్డ్ స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, బయటికి రాదు, బిగుసుకోదు.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెనక రబ్బరు నట్టు ఉంటుంది. రబ్బరు గొట్టంలో ఇత్తడి మర పొదిగి ఉంటుంది. ఏళ్ల ఎండకు రబ్బరు గట్టిపడి ఇత్తడి నుంచి విడిపోతే స్క్రూతోపాటు ఇత్తడీ తిరుగుతుంది. వెనక రబ్బరు అంచును ముక్కు ప్లయర్‌తో పట్టుకోండి. తల కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి కొంచెం పైకి లేపుతూ తిప్పండి. రాకపోతే వెనక రబ్బరును బ్లేడుతో కోసేయండి. కొత్త రబ్బరు నట్టు కొనేముందు విండ్‌షీల్డ్ రంధ్రం కొలవండి, పాతది పట్టుకెళ్లడం ఇంకా మేలు.

ప్యానెల్ ప్లాస్టిక్‌లోనే దింపిన ఇత్తడి మర ఊడినా కథ ఇదే. దాన్ని తిరిగి అంటించడానికి 5 నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా నెమ్మదిగా ఆరే అరాల్డైట్ వాడండి. లోపల మరలోకి జిగురు పోకుండా గ్రీజు పూసిన స్క్రూ ముందే ఎక్కించి ఉంచండి. మర్నాడు స్క్రూ తీసేయొచ్చు.

ప్రశ్న: ప్లాస్టిక్ బొత్తాం క్లిప్పులు తీసేటప్పుడల్లా విరుగుతున్నాయి.
– కొత్తపేట, గుంటూరు

జవాబు: రెండు రకాలున్నాయి. మధ్య పుల్ల తలతో సమానంగా ఉండి చుట్టూ సందు లేకపోతే, దాన్ని సన్నని మొనతో రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కాలి, క్లిప్ వదులవుతుంది. మరీ లోపలికి తోస్తే పుల్ల వెనక పడిపోతుంది. పుల్ల అంచు కింద గోరు దూరే సందు ఉంటే దాన్ని పైకి లేపాలి. మొదటి రకాన్ని తిరిగి పెట్టేముందు వెనక నుంచి పుల్లను ముందుకు తోసి, కాళ్లు దగ్గరైన క్లిప్‌ను రంధ్రంలో పెట్టి, అప్పుడు పుల్లను సమానంగా నొక్కండి.

ప్రశ్న: హైవే మీద వైబ్రేషన్‌కు స్క్రూలు ఊడిపోతున్నాయని నీలం లాక్‌టైట్ పూశాను. నెల తిరక్కముందే రంధ్రాల చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వచ్చాయి.
– మంగళగిరి

జవాబు: ఆ ద్రవం లోహం–లోహం మధ్య వాడేందుకు. ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లను తాకితే, బిగింపు ఒత్తిడిలో ఉన్న చోట పగుళ్లు తెస్తుంది. విండ్‌షీల్డ్ దగ్గర పెట్రోలుతో తుడవడం కూడా ఇలాంటిదే.

ఇంకొకటి చూడండి. రంధ్రంలోని రబ్బరు లోపల చిన్న ఇనుప గొట్టం (బుష్) ఉండాలి. అది ప్యానెల్ మందం కంటే కాస్త పొడవు. స్క్రూ బుష్ మీద బిగుస్తుంది, ప్లాస్టిక్ మీద కాదు. గత సర్వీసులో బుష్ ఎక్కడో పడిపోయి ఉంటే ఎంత బిగించినా వదులవుతుంది, ఎక్కువ బిగిస్తే పగులుతుంది. మా అనుమానం లాక్‌టైట్ మీద కంటే ఆ బుష్ మీదే. అది పెట్టించి, నైలాన్ వాషర్ వేసి, వీలున్నచోట నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) వాడండి. ఎల్ ఆకారపు కీ పొడవు కాడను గుంటలో పెట్టి, పొట్టి కాడను రెండు వేళ్లతో తిప్పితే ఎంత బిగుస్తుందో అంతే బిగింపు. పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు.

ప్రశ్న: అన్నీ బిగించాక చివరి రెండు రంధ్రాలు కలవడం లేదు. పైగా ఒక స్క్రూ మిగిలిపోయింది.
– తెనాలి

జవాబు: మొదటి నుంచీ ఒక్కొక్కటే పూర్తిగా బిగిస్తూ వచ్చారు. మళ్లీ అన్నీ వదులు చేయండి. ముందు ప్యానెల్ నాలుకలన్నీ వాటి గాడుల్లో కూర్చున్నాయో లేదో చూడండి. రబ్బరులోకి దిగని మేకులకు సబ్బు నీళ్లు రాయండి, గ్రీజు వద్దు. ప్రతి స్క్రూను వేళ్లతో మొదట వెనక్కి తిప్పండి. మర అంచు దాటి చిన్న టిక్ మన్నాక ముందుకు రెండు చుట్లు చాలు. అన్నీ అలా పట్టుకున్నాకే మధ్య నుంచి అంచులకు బిగించండి.

మిగిలిన స్క్రూ కంటే పొడవులు తారుమారయ్యాయా అన్నదే ఎక్కువ ముఖ్యం. పొట్టి దాని చోట పొడవుది వేస్తే మొన రేడియేటర్ రెక్కల్లో గుచ్చుకోవచ్చు. ఈసారి అట్టముక్క మీద ఫెయిరింగ్ బొమ్మ గీసి, ఏ స్క్రూ తీస్తే దాన్ని అదే చోట గుచ్చండి. లోపల పడిపోయినవాటికి అయస్కాంతం పుల్ల పనికొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలైతే చాలావరకు దానికి అంటవు, ప్యానెల్ కింద గుడ్డ పరచుకునే పని మొదలుపెట్టండి. అల్యూమినియం బ్రాకెట్‌లోకి పోయే స్టీలు స్క్రూ మరలకు బియ్యపు గింజంత గ్రీజు తప్పక రాయండి, లేకపోతే రెండు లోహాలూ పట్టేసుకుంటాయి.