బాక్‌స్టర్ కొంటానంటున్న అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశానురా, వెండి రంగు పోర్షే బాక్‌స్టర్ స్పోర్ట్స్ కారు, 2002 మోడల్, టాప్ దించితే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం, అది నేనూ ఒప్పుకుంటా. కానీ కింద రాశావు చూడు "కొత్త మామూలు కారు కన్నా తక్కువకే వస్తోంది మామయ్యా" అని, నీతో నాకు పేచీ అక్కడే. కారు రేటు పడిపోయింది గానీ దాని పార్టుల రేటు పడలేదు నాన్నా. బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ అన్నీ పోర్షే రేట్లే, కారు పాతదైందని ఎవడూ తగ్గించి ఇవ్వడు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది తర్వాత. కాబట్టి కొనే రేటులో కనీసం మూడో వంతు విడిగా పక్కన పెట్టుకో, మొదటి ఏడాదికి, అది లేకపోతే ఇప్పుడే ఆగిపో.

ముందు పెద్ద భయం సంగతి చెప్తా. ఈ ఇంజిన్‌లో ఐఎమ్ఎస్ బేరింగ్ అని ఒకటి ఉంటుంది, క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్‌లకి వెళ్లే చైన్లని తిప్పే మధ్య షాఫ్ట్ ఉంది కదా, దాని చివర గేర్‌బాక్స్ వైపు కూర్చునే బేరింగ్. సీల్డ్ బేరింగ్ పెట్టారు, కొన్నాళ్లకి లోపల గ్రీజు కొట్టుకుపోతుంది, మంచి ఆయిల్ లోపలికి సరిగా పోదు, అరిగి అరిగి విరిగిందంటే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజిన్ మొత్తం తుక్కు. మొదట్లో వచ్చిన వాటికి డబుల్ రో బేరింగ్, అంటే రెండు వరసల బాల్స్ ఉన్నది, ఉండేది, అది కాస్త నయం, నీ మోడల్ వచ్చేసరికి సింగిల్ రో, ఒకే వరస. అమెరికాలో దీని మీద కేసు కూడా నడిచి 2013లో సెటిల్ అయ్యింది, 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్లకి. ఆ కేసు తర్వాత అందరూ చెప్పుకునే లెక్క సింగిల్ రో వాటిల్లో నూటికి 8 పాడయ్యాయని. అంటే తొంభై పైన కార్లకి ఏమీ కాలేదు అది కూడా గుర్తుపెట్టుకో, నెట్‌లో చదివి నిద్ర మానుకోకు.

మరి ఏం చేయాలి అంటే, అమ్మేవాడిని ఒకటే అడుగు, క్లచ్ ఎప్పుడు మార్చారు, అప్పుడు ఈ బేరింగ్ మార్చారా, బిల్లు ఉందా. బేరింగ్‌ని చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్‌కీ అదే పని, కాబట్టి రెండూ కలిపి చేస్తారు, వెనకాల ఇంజిన్ ఆయిల్ కారకుండా ఆపే రియర్ మెయిన్ సీల్ కూడా అప్పుడే మార్చేస్తారు. ఒకవేళ చేయించలేదంటే ఆ ఖర్చు మొత్తం రేటులోంచి తీసేయమని అడుగు, సిగ్గుపడకు. "ఇన్నాళ్లు బాగానే నడిచింది సార్" అనేది బిల్లు కాదు.

ఇంకో పని, ఆయిల్ మార్పించి పాత ఫిల్టర్ కోయించి చూడు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఖర్చు నాదే అని చెప్పు. ఫిల్టర్ కాగితం మడతలు ఒక్కోటి విప్పి ఎండలో పెట్టి చూస్తే మెరిసే లోహపు రజను ఉందో లేదో తెలుస్తుంది, నల్లటి రబ్బరు ముక్కల్లాంటివి కనిపిస్తే బేరింగ్ సీల్ ఊడుతున్నట్టు అనుమానించాలి, అయస్కాంతం దగ్గర పెడితే ఏది ఇనుమో ఏది అల్యూమినియమో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క పని చేసినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను, అందరూ పెయింట్ గోకి చూస్తారు!

పొగ గురించి భయపడకు. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి, రాత్రంతా ఆగితే కాస్త ఆయిల్ లోపలికి దిగుతుంది, స్టార్ట్ చేయగానే ఒక్క దమ్ము పొగ వచ్చి పోతే అది మామూలే. వీధంతా తెల్లగా కమ్మేసి ఆగకపోతే మాత్రం ఎయిర్ ఆయిల్ సెపరేటర్, అంటే ఇంజిన్ లోపలి గాలిలోంచి ఆయిల్‌ని వేరు చేసే భాగం, పోయినట్టు లెక్క. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తియ్యడానికి చూడు, లోపలికి గట్టిగా లాగేస్తుంటే అదే.

మిగతావి చిన్నవి గానీ డబ్బులు తినేవి. వెనక డిక్కీలో కూలెంట్ ట్యాంక్ చిట్లుతుంది, కార్పెట్ తడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడు. ముందు బంపర్ లోపల రెండు పక్కలా రేడియేటర్లు ఉంటాయి, ఆకులూ చెత్తా చేరి కుళ్లి వాటినీ వాటి ముందున్న ఏసీ కండెన్సర్లనీ తినేస్తాయి, టార్చ్ వేసి చూడు. టాప్ నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోతే నీళ్లు లోపలికే వస్తాయి, సీటు కింద కార్పెట్ అడుగున దొంగలు స్టార్ట్ చేయకుండా ఆపే ఇమ్మొబిలైజర్ బాక్స్ ఉంటుంది, అది తడిస్తే కారు స్టార్టే కాదు, కాబట్టి అక్కడ కూడా వేళ్లు పెట్టి నొక్కి చూడాలి. నీ మోడల్‌కి వెనక అద్దం ప్లాస్టిక్, మసకబారి ఉంటుంది, గాజుది 2003 నుంచి వచ్చింది. టైర్లు ముందు వెనక సైజులు వేరు, మార్చి వేసుకోలేవు, వెనకవి తొందరగా అరుగుతాయి. అరగకపోయినా టైర్ పక్కన ఉన్న నాలుగు అంకెలు చూడు, 2314 అంటే 2014లో 23వ వారం, అలాంటి టైర్లతో నువ్వు స్పీడ్‌గా పోతానంటే నేను పక్కన కూర్చోను. ఆయిల్ కూడా ఎనిమిది లీటర్లు పైనే పడుతుంది.

కారు కంప్యూటర్‌కి స్కానర్ పెట్టించేటప్పుడు ఓవర్ రెవ్ రికార్డు అడుగు, అంటే ఇంజిన్‌ని హద్దు దాటి ఎప్పుడైనా తిప్పారా అనేది. ఐదో గేర్లోంచి నాలుగుకి వేయబోయి రెండులో వేసినవాడి ఘనకార్యం కంప్యూటర్‌లో ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగాక జరిగిందో దానితో సహా ఉంటుంది, అమ్మేవాడు తుడిచి పాలిష్ పెట్టినా అది పోదు.

తక్కువ కిలోమీటర్లు తిరిగింది అని మురిసిపోకు. షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిన కారు కన్నా ప్రతి వారం వేడెక్కేలా తిరిగి, టైమ్‌కి ఆయిల్ మార్చిన కారునే నేను తీసుకుంటా, మీటర్ రెట్టింపు ఉన్నా సరే. నిలబడిన దాంట్లో ఆయిల్‌లో తేమ చేరుతుంది, సీళ్లు ఎండిపోతాయి.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే మాజ్డా ఎమ్ఎక్స్-5 చూడు, అదీ టాప్ దించే కారే, తుప్పు ఒక్కటి చూసుకుంటే చాలు, పార్టులు చవక, నవ్వు మాత్రం అంతే వస్తుంది. వాళ్లదే ఆర్‌ఎక్స్-8 మాత్రం వద్దు, పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్, ఆయిల్ కాల్చడం దాని డిజైన్‌లోనే ఉంది, సీళ్లు పోతే కంప్రెషన్ పోతుంది, దాన్ని కొలవడానికే వేరే మీటర్ కావాలి, ఆ మాట తెలిసిన మెకానిక్ దొరకడం ఇంకో పెద్ద కథ.

బిల్లుల ఫోటోలు మొత్తం ముందే తెప్పించి నాకు పంపు, తేదీల ప్రకారం నేను పేర్చుకుంటా. చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడు కారు స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పు, వెళ్లగానే బోనెట్ మీద కాదు వెనక ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తా. వేడిగా ఉందా, చల్లగా స్టార్ట్ చేస్తే వచ్చే పొగని మనకి చూపించకూడదనుకున్నట్టే, టీ కూడా తాగకుండా తిరిగొచ్చేద్దాం.

మీ మామయ్య